ఆసుపత్రికి రానివారి వైద్యుడు: సామాజిక కంటి వైద్యుల పని, శిక్షణ

దక్షిణ భారత గ్రామాల్లో కంటి శిబిరాలను జనం ఎంతమేరకు వాడుకుంటున్నారో తెలుసుకునేందుకు చేసిన ఒక అధ్యయనం 1999లో ప్రచురితమైంది. కంటి సమస్య ఉన్నవారిలో శిబిరానికి వచ్చినవారు నూటికి ఏడుగురే అని అది తేల్చింది. మిగతావారు ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఎందుకు రాలేదని అడిగినప్పుడు ఇలాంటి అధ్యయనాల్లో వినిపించే జవాబులు ఎక్కడైనా దాదాపు ఒకటే. ఆపరేషనంటే భయం, తోడు వచ్చేవారు లేకపోవడం, రెండు రోజుల పని పోతుందన్న బెంగ, వయసు మీద పడ్డాక చూపు తగ్గడం మామూలేనన్న సర్దుబాటు. వీటిలో ఒక్కటి కూడా కంటికి సంబంధించిన జబ్బు కాదు. కానీ చూపు పోవడానికి ఇవీ కారణాలే.

సామాజిక కంటి వైద్యం మొదలయ్యేది ఈ రానివారి దగ్గర. ఆసుపత్రి వైద్యుడి బాధ్యత ఎదుటికి వచ్చిన మనిషితో మొదలవుతుంది. సామాజిక కంటి వైద్యులకు మాత్రం ఒక ప్రాంతం ఉంటుంది. అందులో నివసించే అందరి చూపూ వారి బాధ్యతే. అక్కడ ఎంతమందికి చూపు తగ్గింది, ఏ కారణంగా తగ్గింది, వారిలో ఎంతమందికి చికిత్స అందింది, అందినవారిలో ఎంతమంది నిజంగా చూడగలుగుతున్నారు? ఈ నాలుగు ప్రశ్నలకూ వారి దగ్గర జవాబు ఉండాలి. ఏడాదిలో ఇన్ని వేల శుక్లం ఆపరేషన్లు చేశామని ప్రకటించే సంస్థలకు కొదవ లేదు. ఆ సంఖ్య భిన్నంలో లవం మాత్రమే. ఆపరేషను అవసరమైనవారు ఆ ప్రాంతంలో ఎందరన్న హారం తెలియకపోతే, చేసిన పని ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. చాలా దేశాల్లో కంటి వైద్య విద్య లవాన్ని పెంచడం నేర్పుతోంది. హారాన్ని వెతకడం నేర్పడం లేదు. అసలు లోపం అక్కడే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన దృష్టి నివేదిక ప్రకారం కనీసం 220 కోట్ల మందికి దగ్గరి చూపో దూరపు చూపో సరిగా లేదు. వారిలో కనీసం 100 కోట్ల మందిది నివారించగలిగి ఉండాల్సిన సమస్య, లేదా ఇంకా చికిత్స అందని సమస్య. ఆ వంద కోట్లలో 82 కోట్లకు పైగా కేవలం చత్వారానికి కళ్లజోడు లేనివారు. అంటే నలభై దాటాక సూదిలో దారం ఎక్కించలేక, మందు సీసా మీది అక్షరాలు చదవలేక ఇబ్బంది పడుతున్నవారు. శుక్లానికి ఆపరేషను ఉంది, దృష్టి లోపానికి అద్దాలున్నాయి. విద్య తెలియక ఆగిపోయిన పని కాదిది. ఆ విద్య మనిషి దాకా చేరకపోవడం వల్ల ఆగింది.

శిబిరం నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఊరికి

ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం ఈ దూరాన్ని తగ్గించే మార్గం కంటి శిబిరమే. బడి గదులను, సత్రాలను తాత్కాలిక ఆపరేషను థియేటర్లుగా మార్చి, ఒక్కో రోజు వందల మందికి శుక్లాలు తీసేవారు. అప్పట్లో కంటిలో లెన్సు అమర్చే పద్ధతి శిబిరాల దాకా రాలేదు. ఆపరేషను తరువాత మందపాటి అద్దాలు ఇచ్చేవారు. అద్దాలు పగిలితే, పోతే ఆ మనిషి మళ్లీ చీకటిలోకే. ఆ వైద్యుల సేవాభావాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. వేల మందికి చూపు ప్రసాదించిన పని అది. అయితే అక్కడ ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువ. శిబిరం ఎత్తేశాక ఆ రోగుల గతి ఏమైందో చూసేవారు తక్కువ. కంటిలో లెన్సు అమర్చడం మామూలు పద్ధతి అయ్యాక మైక్రోస్కోపు, శుభ్రమైన థియేటరు తప్పనిసరయ్యాయి. దాంతో శిబిరం పరీక్షలకు పరిమితమై, ఆపరేషను కోసం రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లి తిరిగి దించడం ఆనవాయితీ అయింది.

ఈ మార్పులో రెండు సంస్థల అనుభవాన్ని ప్రపంచమంతా పాఠంగా చదువుకుంటోంది. గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి వాటిలో ఒకటి. వైద్యుడు మాత్రమే చేయగల పనిని వైద్యుడికి వదిలి, మిగతా పరీక్షలు, కొలతలు, థియేటరు సన్నాహాలు, రోగులతో మాట్లాడటం వంటి పనులను గ్రామాల నుంచి ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన యువతులకు అప్పగించడం అక్కడి పద్ధతి. 1992లో లెన్సుల తయారీ కూడా సొంతంగా మొదలయ్యాక, అంతకుముందు సంపన్నులకే పరిమితమైన లెన్సు సామాన్యుల కంటికి చేరింది.

రెండోది గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ రూపొందించిన అంచెల విధానం. సుమారు ఐదు వేల జనాభాకు ఊరి కార్యకర్తలు, యాభై వేలకు ఒక దృష్టి కేంద్రం, ఐదు లక్షలకు శుక్లం ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి, యాభై లక్షలకు శిక్షణ కూడా ఇచ్చే పెద్ద ఆసుపత్రి, వాటన్నిటిపైన పరిశోధన జరిగే కేంద్రం. ఏ జబ్బు ఏ అంచెలో ఆగాలో, ఏది పైకి వెళ్లాలో ముందే నిర్ణయించి ఉంటుంది. దృష్టి కేంద్రంలో వైద్యులు ఉండరు. ఆ ఊళ్ల నుంచే వచ్చి ఏడాదిపాటు శిక్షణ పొందిన యువతీ యువకులు అక్కడ చూపు పరీక్షించి, అద్దాలు ఇచ్చి, ఆపరేషను అవసరమైనవారిని గుర్తిస్తారు. వైద్యుడి పేరు బోర్డు మీద లేని చోట కూడా వైద్యుడి బాధ్యత ఉండటం ఈ విధానంలోని గొప్పతనం. కింది అంచెలో తప్పు జరిగితే దానికి జవాబు చెప్పాల్సింది పై అంచెలోని వైద్యుడే.

వైద్యులు తక్కువ, పని ఎక్కువ

2015 నాటి గణాంకాల ఆధారంగా 194 దేశాల్లో జరిపిన సర్వేలో ప్రపంచంలోని కంటి వైద్యుల సంఖ్య సుమారు 2 లక్షల 33 వేలని తేలింది. సంపన్న దేశాల్లో పది లక్షల జనాభాకు సగటున 76 మంది ఉంటే, పేద దేశాల్లో నలుగురైనా లేరు. ఉన్న ఆ కొద్దిమందీ రాజధానుల్లోనే ఎక్కువ. ఇంకో పదేళ్లు వైద్యులను తయారుచేసినా ఈ అంతరం పూడదు. అందుకే సామాజిక కంటి వైద్యుల మొదటి పని తమ చేతులను తామే పెంచుకోవడం. చూపు కొలిచి అద్దాలు సూచించే ఆప్టోమెట్రిస్టులు, కంటి నర్సులు, కంటి సహాయకులు, ఊరి ఆరోగ్య కార్యకర్తలు, బడి ఉపాధ్యాయులు, నవజాత శిశువుల విభాగంలోని నర్సులు, మధుమేహ క్లినిక్‌లోని సిబ్బంది ఇందరితో కలిసి పనిచేయాలి. తూర్పు ఆఫ్రికాలోని కొన్ని దేశాలు ఇంకో అడుగు ముందుకు వేసి, వైద్య పట్టా లేని క్లినికల్ ఆఫీసర్లకే శుక్లం ఆపరేషను నేర్పాయి. ఈ నిర్ణయం మీద వైద్య వర్గాల్లో వాదోపవాదాలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ శిక్షణ పొందినవారికి పర్యవేక్షణ, మైక్రోస్కోపు, మందులు అందని చోటే వైఫల్యాలు ఎక్కువన్న సంగతి ఆ వాదనల్లో తరచూ మరుగున పడుతోంది.

పని అప్పగించడం తేలిక. అప్పగించిన పని సరిగా జరుగుతోందో లేదో చూడటం ఒక విద్య. కేంద్రానికి వెళ్లి రిజిస్టరు మీద సంతకం పెట్టి రావడాన్ని పర్యవేక్షణ అనుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. అసలు పర్యవేక్షణలో సహాయకులు పరీక్షించిన పదిమందిని వైద్యుడు మళ్లీ పరీక్షించి, ఇద్దరి కొలతలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా ఎక్కడ వచ్చిందో ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటారు. వైద్య కళాశాలలో ఎవరూ నేర్పని పని ఇది. దీనికి ఓర్పు కావాలి, ఎదుటివారిని చిన్నబుచ్చకుండా సరిదిద్దే నేర్పు కావాలి.

ఒక్కో జబ్బుకు ఒక్కో దారి

కంటి జబ్బులన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు. శుక్లం ఉన్న మనిషిని వెతికి పట్టుకుంటే చాలు, సగం పని అయినట్టే. మిగతా సగం ఆపరేషను నాణ్యత. కళ్లజోడు విషయంలో ఆసుపత్రి అవసరమే తక్కువ. అస్సాంలో తేయాకు కోసే కార్మికులకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చేసిన ప్రయోగం 2018లో ప్రచురితమైంది. అద్దాలు లేనివారితో పోల్చితే వారి ఉత్పాదకత సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. అంత చవకైన వైద్య సాధనం అంత త్వరగా ఫలితమిచ్చిన ఉదాహరణలు అరుదు. అయినా కంటి వైద్యుల పీజీ పాఠాల్లో చత్వారానికి దక్కే సమయం బహు స్వల్పం.

నల్లగుడ్డు మీద వచ్చే పుండ్ల కథ వేరు. పొలంలో వరి ఆకో, కొమ్మో తగిలి కంటి పొర గీసుకుపోతుంది. మొదటి రోజు అది చిన్న గాయం. నాలుగు రోజుల తరువాత పుండు. నెల తరువాత తెల్లటి పువ్వు, ఆ కన్ను ఇక జీవితాంతం అంతే. ఆసుపత్రికి వచ్చేసరికి ఎంత గొప్ప వైద్యుడైనా చేయగలిగింది కొద్దే. నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో జరిగి 2001లో ప్రచురితమైన అధ్యయనం ఈ వ్యవధిని పట్టుకుంది. గ్రామ కార్యకర్తలకు గాయాన్ని గుర్తించడం, క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు మూడు రోజులు వేయించడం నేర్పారు. రెండేళ్లలో వారు చికిత్స చేసిన 442 గాయాల్లో 96 శాతం ఇన్ఫెక్షను లేకుండా మానాయి. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు మొదలైనవారిలో ఒక్కరికి కూడా పుండు కాలేదు. లక్షల విలువైన పరికరాలు చేయలేని పనిని సరైన సమయానికి దొరికిన ఆయింట్‌మెంటు గొట్టం చేసింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే తేలికగా ఉండేది. తరువాత నేపాల్‌లోనే ఇంకా పెద్ద ఎత్తున, నియంత్రిత పద్ధతిలో పరీక్షించినప్పుడు గ్రామ కార్యకర్తలున్న ప్రాంతాల్లో పుండ్లు స్పష్టంగా తగ్గినట్టు తేలలేదు. మందు పనిచేయదని దీని అర్థం కాదు. గాయమైన మనిషి మొదటి రోజే కార్యకర్త దగ్గరకు వెళ్లాలి. అంతకుముందే ఆకు పసరు పోసుకోకూడదు, మందుల దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకోకూడదు. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా ఫలితం రాదు. ఒకచోట నెగ్గిన పథకాన్ని ఇంకోచోటికి మోసుకెళ్లేముందు అక్కడ ఏ కొక్కెం బలహీనంగా ఉందో వెతకడమే సామాజిక కంటి వైద్యుల అసలైన విద్య. శిక్షణలో విజయగాథలతో పాటు ఇలాంటి ఫలితాలనూ తప్పకుండా చదివించాలి.

పసరు మాట వచ్చింది కాబట్టి సంప్రదాయ వైద్యుల సంగతి కూడా చెప్పుకోవాలి. వారిని తిట్టి దూరం పెట్టడం వల్ల నష్టపోయింది రోగులే. మలావీలో కంటి వైద్యులు వారితో కూర్చుని మాట్లాడారు. కంటిలో ఏదీ పోయవద్దని, చూపు మందగించినవారిని ఆసుపత్రికి పంపమని కోరారు. వారి గౌరవానికి భంగం కలగకుండా మాట్లాడటం వల్లే అది సాధ్యపడింది. గాంబియాలో ఊరికొకరు చొప్పున కంటి మిత్రులను తయారుచేయడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. రోగి నమ్మే మనిషి ఎవరో కనిపెట్టి, ఆ మనిషి నోట సరైన మాట పలికించడం దాని సారం.

కంటికి అంటుకుని వ్యాపించే ట్రకోమా జబ్బులో వైద్యుడి కత్తి కంటే నీటి కుళాయి పాత్ర పెద్దది. రెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు నల్లగుడ్డును గీరే దశకు ఆపరేషను, ఇన్ఫెక్షనుకు అజిత్రోమైసిన్ మందు, పిల్లల ముఖ శుభ్రత, పరిసరాల్లో నీరు, మరుగుదొడ్లు. ఈ నాలుగూ కలిస్తేనే ఆ జబ్బు పోతుంది. ఒమన్, మొరాకో, ఘనా, నేపాల్ తదితర దేశాలు ప్రజారోగ్య సమస్యగా దాన్ని నిర్మూలించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 2024లో భారతదేశం ఆ జాబితాలో చేరింది. నీటి సరఫరా ఇంజనీరుతో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడగలిగిన కంటి వైద్యులు లేకుండా ఈ గెలుపు రాదు.

విటమిన్ ఎ లోపం ఇంకా పెద్ద పాఠం. ఇండోనేషియాలో రేచీకటి ఉన్న పిల్లలను పరిశీలిస్తున్న కంటి వైద్యుడు ఆల్ఫ్రెడ్ సొమ్మర్, ఆ పిల్లలు మిగతావారికంటే ఎక్కువగా చనిపోతున్నారని గమనించారు. ఆచే ప్రాంత గ్రామాల్లో విటమిన్ ఎ ఇచ్చి చేసిన ప్రయోగంలో పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 1986లో ప్రకటించారు. కంటిని చూడటానికి వెళ్లినవారికి ప్రాణం పోయే దారి కనిపించింది. ఆసుపత్రి గదిలో కూర్చుని ఉంటే ఆయన కంటికి చనిపోయిన పిల్లలు కనిపించేవారే కాదు, ఎందుకంటే వారు మళ్లీ పరీక్షకు రారు. జనంలోకి వెళ్లి, ఒక్కొక్క పేరునూ నెలల తరబడి వెంటాడి లెక్క కట్టినందువల్లే ఆ సత్యం బయటపడింది.

కంటి నరాన్ని మెల్లగా దెబ్బతీసే గ్లాకోమా దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి తారుమారవుతుంది. ఊరంతటినీ వరుసగా పరీక్షించినా ఉపయోగం తక్కువ. ఒక్కసారి చూసే కంటి ఒత్తిడి కొలత జబ్బున్న చాలామందిని వదిలేస్తుంది, లేనివారిని భయపెడుతుంది. జబ్బు ఉన్నవారి తోబుట్టువులను, పిల్లలను పిలిపించి చూడటం, నలభై దాటి ఏ పనిమీద వచ్చినా కంటి లోపల కనిపించే నరం తల ఒకసారి పరీక్షించడం మేలు. మధుమేహం విషయంలో దారి స్పష్టం. మధుమేహ క్లినిక్‌లోనే కంటి వెనుక పొర అయిన రెటీనా ఫొటో తీస్తే రోగి రెండో చోటికి తిరగనక్కరలేదు. ఇంగ్లండ్‌లో దేశవ్యాప్తంగా ఇలాంటి పరీక్షలు మొదలయ్యాక, పనిచేసే వయసువారిలో అంధత్వానికి మొదటి కారణంగా దశాబ్దాలుగా ఉన్న మధుమేహ రెటీనా జబ్బు ఆ స్థానం నుంచి తప్పుకుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల రెటీనాకు మాత్రం గడువు బహు తక్కువ. పుట్టిన కొన్ని వారాల్లోపు పరీక్ష, జబ్బు ముదిరితే రెండు మూడు రోజుల్లో చికిత్స జరగకపోతే ఆ బిడ్డకు జీవితమంతా చీకటి.

శిక్షణలో ఏముండాలి

కంటి వైద్య పీజీ పూర్తిచేసే చాలామందికి రెటీనా పొరలన్నీ కంఠతా వస్తాయి. ఒక ప్రాంతంలో అంధత్వం ఎంత ఉందో కొలవమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సామాజిక వైద్యానికి కేటాయించిన కొద్ది వారాలు శిబిరంలో చూపు చార్టు పట్టుకుని నిలబడటంతో గడిచిపోతాయి. దాన్ని శిక్షణ అనడం అన్యాయం.

మొదట శస్త్రచికిత్స. సామాజిక కంటి వైద్యులు మంచి సర్జన్లు కానక్కరలేదన్న అపోహ ఒకటి ఉంది. ఊళ్లో ఒక్క ఆపరేషను చెడితే ఆ కబురు పక్క పది ఊళ్లకు పాకుతుంది, అక్కడి శుక్లాలన్నీ ఇంట్లోనే ఉండిపోతాయి. కాబట్టి వారి చేయి ఇతరుల కంటే తిన్నగా ఉండాలి. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి తీసే ఖరీదైన ఫేకో యంత్రం లేకుండా, కుట్టు అవసరం లేకుండా చిన్న కోతతో చేసే పద్ధతి ఇక్కడ ముఖ్యం. 1994లో ఖాట్మండూలో తిల్గంగ కంటి కేంద్రాన్ని నెలకొల్పిన సందుక్ రుయిత్ బృందం ఈ పద్ధతిని ఫేకోతో పోల్చి 2007లో ఫలితాలు ప్రచురించింది. ఆరు నెలల తరువాత రెండు వర్గాల్లోనూ అద్దాలతో మంచి చూపు ఉన్నవారు 98 శాతం. ఆ నైపుణ్యాన్ని రోగి కంటి మీదే మొదటిసారి నేర్చుకోవడం కూడా ఇక తప్పనిసరి కాదు. ఆఫ్రికా దేశాల పీజీ విద్యార్థులపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, కృత్రిమ కళ్ల మీద ముమ్మరంగా సాధన చేసినవారి నైపుణ్యం స్పష్టంగా మెరుగుపడింది. వారు తరువాత చేసిన ఆపరేషన్లలో కొత్త లెన్సును నిలిపే పలుచని సంచి చిరిగిపోవడం కూడా తక్కువే.

తరువాతది లెక్క కట్టే విద్య. ఒక ప్రాంతంలో యాభై ఏళ్లు దాటినవారి నుంచి శాస్త్రీయంగా నమూనా ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి పరీక్షించే త్వరిత సర్వే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉంది. చూపు కోల్పోయినవారిలో అత్యధికులు ఆ వయసువారే కాబట్టి కొన్ని వారాల్లోనే ప్రాంతం మొత్తం స్థితి తెలిసిపోతుంది. అంతకంటే లోతైన సర్వేలు కూడా అవసరమే. 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో అన్ని వయసులవారినీ, పది వేలకు పైగా మందిని పూర్తిగా పరీక్షించి చేసిన అధ్యయనంలో అంధత్వం 1.84 శాతంగా తేలింది. ఏ జబ్బు వాటా ఎంతో దానితోనే తెలిసింది. ప్రతి పీజీ విద్యార్థీ ఇలాంటి సర్వే బృందంలో కనీసం ఒక్కసారైనా నడవాలి. తలుపు తట్టినప్పుడు లోపల చీకటి మూలలో మంచం మీద ఉన్న ముసలమ్మను ఇంటివారు లెక్కలోకి తీసుకోకపోవడం, ఆమె కూడా తనను చూపించుకోవాలని అడగకపోవడం కళ్లారా చూడాలి. ప్రపంచవ్యాప్తంగా చూపు కోల్పోయినవారిలో స్త్రీలే ఎక్కువ, ఆపరేషను అందేవారిలో చాలాచోట్ల వారి వాటా తక్కువ. ఈ వాక్యాన్ని పుస్తకంలో చదవడం వేరు, ఆ గది గుమ్మంలో నిలబడటం వేరు.

మూడోది పంపిన రోగి చేరేదాకా వెంబడించడం. ‘పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని చీటీ రాయడంతో బాధ్యత తీరిందనుకునే అలవాటును శిక్షణలోనే తుంచాలి. కెన్యాలో బడి పిల్లల మీద జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, మామూలుగా చీటీ ఇచ్చి పంపినవారిలో ఆసుపత్రికి చేరింది 22 శాతం. ఫోను ద్వారా చూపు పరీక్షించి, పిల్లవాడికి లోకం ఎంత మసకగా కనిపిస్తోందో తల్లిదండ్రులకు చిత్రంలో చూపి, సందేశాలతో గుర్తుచేసినప్పుడు 54 శాతం చేరారు. అదే జబ్బు, అదే ఆసుపత్రి. మారింది చెప్పిన తీరు. మాట్లాడటం సహజంగా వచ్చేదేనని వైద్య విద్య అనుకుంటుంది. నిజానికి శుక్లం ముదిరేదాకా ఆగనక్కరలేదని, ఆపరేషనులో కంటిని బయటకు తీయరని, రెండో కన్ను బాగానే ఉన్నా మొదటిదానికి చికిత్స అవసరమని భయపడుతున్న మనిషికి అర్థమయ్యేలా చెప్పడం అభ్యాసంతోనే వస్తుంది. దాన్ని కూడా కుట్టు వేయడం నేర్పినంత శ్రద్ధగా, ఎదురుగా నిలబడి చూసి, సరిదిద్ది నేర్పాలి.

చికిత్సకు లొంగని చూపు గురించి చాలా కోర్సులు మౌనంగా ఉంటాయి. ‘ఇక చేయగలిగింది లేదు’ అనే మాట వైద్యుడు పలికే మాటల్లో అత్యంత క్రూరమైనది, పైగా అబద్ధం. పెద్దదిగా చూపే అద్దాలున్నాయి, తెల్లకర్రతో నడక నేర్పేవారున్నారు, బ్రెయిలీ ఉంది, తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఫోన్లున్నాయి, చూపులేనివారికి చదువు చెప్పే బడులున్నాయి. వీటి చిరునామాలు తెలియని కంటి వైద్యుల శిక్షణ అసంపూర్ణం.

వీటికి తోడు నిర్వహణ ఉంది. లెన్సులు అయిపోకుండా చూడటం, పాడైన మైక్రోస్కోపు బల్బు వారంలో మార్పించడం, బడ్జెట్ రాయడం, జిల్లా అధికారిని ఒప్పించడం. ఆకర్షణ లేని పనులే కానీ ఇవి ఆగితే థియేటరు ఆగుతుంది. లండన్‌లో 1980లో ఏర్పడిన అంతర్జాతీయ కంటి ఆరోగ్య కేంద్రం ఈ విద్యలన్నిటినీ ఒకచోట చేర్చి, అనేక దేశాల కంటి వైద్యులకు దశాబ్దాలుగా పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సు నడుపుతోంది. 1988లో అక్కడ మొదలైన సామాజిక కంటి ఆరోగ్య పత్రిక మారుమూల ఆసుపత్రుల సిబ్బందికి పాఠ్యపుస్తకంలా ఉపయోగపడుతోంది. మదురైలో, హైదరాబాద్‌లో కూడా ఇలాంటి శిక్షణ కేంద్రాలున్నాయి. అయితే ఇవన్నీ వైద్యులయ్యాక, ఇష్టపడి వెళ్లి చదువుకునేవి. వెళ్లేది కొందరే. పీజీలోనే ప్రతి ఒక్కరికీ ఒక చిన్న ప్రాంతాన్ని అప్పగించి, మూడేళ్ల పాటు దాని చూపు లెక్కలకు బాధ్యత వహించమనడం ఇంకా ఫలవంతమైన మార్గం. అప్పుడు మొదటి ఏడాది సర్వే, రెండో ఏడాది చికిత్స, మూడో ఏడాది ఫలితాల కొలత ఒకే విద్యార్థి చేతిమీదుగా సాగుతాయి. తను చేసిన ఆపరేషను ఏడాది తరువాత ఆ మనిషికి ఎంతవరకు పనికొచ్చిందో ఇంటికి వెళ్లి చూసిన విద్యార్థి చేయి మారుతుంది, మాట కూడా మారుతుంది.

ఏది కొలుస్తారో అదే జరుగుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ 2021లో రెండు లక్ష్యాలను ఆమోదించింది. 2030 నాటికి శుక్లం ఆపరేషను ప్రభావవంతంగా అందినవారి వాటా 30 శాతం పాయింట్లు పెరగాలి, దృష్టి లోపానికి సరైన అద్దాలు అందినవారి వాటా 40 శాతం పాయింట్లు పెరగాలి. ఇక్కడ కీలకం ‘ప్రభావవంతంగా’ అన్న షరతు. ఆపరేషను జరిగితే సరిపోదు, తరువాత మంచి చూపు వచ్చి ఉండాలి. పైగా లెక్క అవసరమున్న అందరి మీద వేయాలి. లవం, హారం, నాణ్యత మూడూ ఒకే కొలతలో ఉన్నాయి.

ఆసుపత్రుల్లో, ప్రభుత్వ శాఖల్లో వైద్యుల పనిని అంచనా వేసే పత్రాల్లో మాత్రం ఇప్పటికీ ఆపరేషన్ల సంఖ్యే పైన ఉంటుంది. నెలకు ఇన్ని చేయాలన్న లక్ష్యం పెడితే సర్జన్లు దగ్గరలో, తేలికగా దొరికే రోగులనే వెతుకుతారు. దూరపు తండాలోని రెండు కళ్లూ పోయిన మనిషి, పట్నంలో కొద్దిగా మసకబారిన కన్ను, లెక్కలో రెండూ ఒక్కటే అవుతాయి. ఏడాది తరువాత పదిశాతం రోగులనైనా పిలిచి చూపు కొలిచే నియమం పెడితే ఈ ధోరణి మారుతుంది. ఆపరేషను తరువాత కూడా 6/60 (మామూలు చూపుకు అరవై మీటర్ల నుంచి కనిపించే అక్షరాన్ని ఆరు మీటర్ల నుంచి మాత్రమే చదవగలగడం) కంటే తక్కువ చూపు ఉన్నవారు నూటికి ఐదుగురికి మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. తమ ఆసుపత్రిలో ఆ సంఖ్య ఎంతో తెలియని సర్జన్లు ఎందరో.

ఇక ఉద్యోగాల సంగతి. సామాజిక కంటి వైద్యం చదువుకున్నవారికి చాలా దేశాల్లో ప్రత్యేకమైన పోస్టు లేదు, పదోన్నతికి మార్గం లేదు. రెటీనా నిపుణులకు, కార్నియా నిపుణులకు దక్కే గౌరవం జిల్లా మొత్తం చూపును నిలబెట్టినవారికి దక్కదు. తెలివైన విద్యార్థులు ఇది గమనించే వేరే దారి పడతారు, వారిని తప్పుపట్టలేం. జిల్లాకు ఒక సామాజిక కంటి వైద్య నిపుణుల పదవిని సృష్టించి, సర్వే చేసే నిధి, కింది అంచె సిబ్బంది శిక్షణ మీద అధికారం, పరిశోధన ప్రచురించే వెసులుబాటు, మిగతా నిపుణులతో సమానమైన వేతన శ్రేణి దానికి జతచేయాలి. అవి లేనంతకాలం పాఠ్యప్రణాళికలో ఎన్ని అధ్యాయాలు చేర్చినా, పరీక్ష రాయడానికి మించి ఎవరూ వాటిని తెరవరు.